గొంతులు మింగిన శంఖం

రాజప్రాసాదం పై అంతస్తు కిటికీలోంచి భటులు కాళ్ళూ చేతులూ పట్టి ఊపి విసిరేసిన అరిందముడు, గాలిలో గిరగిర తిరుగుతూ కిందికి వస్తున్నాడు. ఆ కాస్త వ్యవధిలోనే దీప్తినగరమంతా అతడికి తలకిందులుగా దర్శనమిచ్చింది. బంగారు పూత పూసిన గోపురాలు ఆకాశంలోంచి వేలాడుతున్నాయి. పట్టాభిషేకానికి కట్టిన పచ్చతోరణాలూ, కొత్త బట్టలతో కిక్కిరిసిన జనమూ, అందరూ నెత్తిమీదే ఉన్నారు. కాళ్ళకింద మాత్రం నిర్మలమైన నీలాకాశం!

'మంచి పండగపూట చస్తున్నాను' అనుకున్నాడు అరిందముడు.

కానీ చావలేదు. ఎముకలు విరిగిన చప్పుడు లేదు, రాయి తగిలిన నొప్పి లేదు. మెత్తగా, వెచ్చగా ఉన్న దేనిలోకో మెడదాకా దిగబడిపోయాడు. ఊపిరి పీల్చగానే అది ఏమిటో తెలిసింది. అది పట్టపుటేనుగుల సాల వెనుక ఉండే పేడకుప్ప.

"ఏందయ్యా, ఈ పొద్దు ఏనుగుల పేడలోకి మనుషులు కూడా రాలతన్నారా?" అన్నదొక ఆడగొంతు.

కుప్ప పక్కన చేతిలో తట్టతో ఒక భారీకాయురాలు నిలబడి ఉన్నది. ఆమె పేరు తిమ్మక్క. ఏటి ఒడ్డున నీలిమందు తొట్లు పెట్టుకుని బట్టలకు రంగు వేస్తుంది. నూలుబట్టను పేడనీళ్ళలో నానేసి ఎండబెడితేనే రంగు నిగనిగలాడుతుందని రోజూ బండి కట్టుకుని పేడకోసం వస్తుంది.

ఇద్దరు మావటివాళ్ళు పరుగెత్తుకు వచ్చారు. ఒకడు కిటికీకేసి, కుప్పకేసి మార్చి మార్చి చూసి చేతులు జోడించాడు.

"దీపదేవుడు రెక్కలిచ్చి దించాడురా!" అన్నాడు.

రెండోవాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒరే, ఈయన కొండల్లోని గానవ్రతుడు. పాటే పట్టుకుని దించింది."

"రెక్కలూ లేవు, పాటా లేదు" అన్నది తిమ్మక్క, అరిందముడి చంకల కింద చేతులు వేసి ముల్లంగిని పీకినట్టు పైకి లాగుతూ. "రాత్రి ఏనుగులు బాగా మేసినయ్, పొద్దున పని కానిచ్చినయ్. మొక్కాలంటే వాటికి మొక్కండి పోండి."

మాట పూర్తి కాకముందే ప్రాసాదపు ద్వారం దగ్గర కత్తుల గలగల వినిపించింది. తిమ్మక్క ఇంకేమీ అడగలేదు. అరిందముణ్ణి బండిలోకి తోసి, పైన నాలుగు తట్టల పేడ కుమ్మరించి, ఎడ్లను అదిలించింది.

భటుల నాయకుడు బండికి అడ్డం వచ్చాడు. "ఏమే, ఇక్కడ ఒక శవం పడాలి. చూశావా?"

"శవమా? పేడకైతే వచ్చాను గానీ, శవాల సంగతి నాకేం తెలుసు నాయనా? కావాలంటే చెయ్యిపెట్టి వెతుక్కో. మోచేతి దాకా పెట్టాలి మరి."

పట్టాభిషేకానికని ఆనాడే తొడుక్కున్న జలతారు అంగీకేసి నాయకుడు ఒకసారి చూసుకున్నాడు. ముక్కు మూసుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు.

ఇంతకూ అరిందముడు ఎవరు? అతణ్ణి కిటికీలోంచి ఎందుకు విసిరేశారు?

ఈ రాజ్యంలో ఒకే దేవుణ్ణి రెండు విధాలుగా కొలిచేవాళ్ళున్నారు. దేవుడు వెలుగనీ, ఆ వెలుగు ముందు పెదవి కదపడమే అపచారమనీ నమ్మేవాళ్ళు దీపవ్రతులు. దేవుడు నాదమనీ, నోరారా పాడితేనే పలుకుతాడనీ నమ్మేవాళ్ళు గానవ్రతులు. వెనకటి రోజుల్లో ఒకే గుడిలో పొద్దున మౌనం, సాయంత్రం పాట నడిచేవి. రానురాను మహాదీపపీఠం బలిసింది. పీఠాధిపతి చేతులతో పెడితే తప్ప కిరీటం చెల్లదన్న శాసనం పుట్టింది. ఇప్పటి పీఠాధిపతి శంబరాచార్యుడు. పైకి మహామౌని, లోపల మహామాంత్రికుడు. అతడి మాట మీద ముసలిరాజు పాటను నిషేధించాడు. పాడినవాళ్ళ ఇళ్ళు కూలాయి. గానవ్రతులు పారిపోయి రాగగిరి దుర్గంలో తలదాచుకున్నారు. ఆ దుర్గాధిపతి కొడుకే మన అరిందముడు. తండ్రి ఇప్పటికీ పీఠం చెరలోనే ఉన్నాడు.

ముసలిరాజు కన్నుమూశాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు ప్రభావళికి ఈ రోజే పట్టాభిషేకం. కొత్త రాణి అయినా కనికరిస్తుందేమోనని అరిందముడు రాయబారిగా వచ్చాడు. ప్రభావళి అతడి మాటలు శ్రద్ధగా విని, "నేను దీపం ముందు పెరిగినదాన్ని. అయినా నా రాజ్యంలో పాటకు కూడా చోటుంటుంది" అన్నది. అలా అన్నదో లేదో, శంబరాచార్యుడు కావి అంగీ చేతిలోంచి ఒక నల్లశంఖం తీసి ఆమె నోటి ముందు పట్టాడు. సన్నని పొగలాంటిదేదో ఆమె పెదవుల మీదుగా శంఖంలోకి పాకింది. ప్రభావళి నోరు తెరిచింది. మాట రాలేదు! మాంత్రికుడు శంఖాన్ని తన పెదవులకు ఆనించుకుని, "గానవ్రతులను దేశంనుంచి వెళ్ళగొడతాను" అని గుసగుసలాడాడు. ఆ మాటలు ప్రభావళి గొంతుతో, స్పష్టంగా, తియ్యగా, గదంతా మోగాయి.

ఇది కళ్ళారా చూసినవాడు అరిందముడు ఒక్కడే. కిటికీ తెరిచే ఉంది. తరువాతి సంగతి మనకు తెలిసిందే.

"అయితే మధ్యాహ్నం గుళ్ళో ఆ పిల్ల నోటితో అబద్ధపు ప్రమాణం చేయిస్తాడన్నమాట" అన్నది తిమ్మక్క, ఏటి ఒడ్డున బండి నిలిపి అంతా విన్నాక. "నువ్వేం చేస్తావు?"

"గుడిలోకి దూరి ఆ శంఖం లాక్కుంటాను."

"ఈ వాసనతోనా? నువ్వు వస్తన్నావని గుడికన్నా ముందు ఊరికే తెలుస్తది!"

అంతలో ఏటిగట్టు మీద గుర్రాల డెక్కల చప్పుడైంది. కుప్పలో శవం దొరకలేదని భటులు మళ్ళీ బయలుదేరారు. తిమ్మక్క ఒక్క ఉదుటున అరిందముడి మెడ పట్టుకుని దగ్గరున్న తొట్టిలో ముంచేసింది. పైన ఒక బట్ట పరిచి, కర్రతో కలుపుతూ కూనిరాగం తీయసాగింది.

"పాడుతున్నావేమే? తల తీస్తారు తెలుసా?" అని గద్దించాడు నాయకుడు.

"పాటెక్కడిది నాయనా? ఎన్ని మునకలైనయ్యో లెక్క తప్పకుండా అనుకుంటన్నా. పొద్దున్నే దీపం పెట్టనిదే మంచినీళ్ళయినా తాగను. తొట్టి దగ్గర ఈ మాత్రం లేకపోతే రాణిగారి గొడుగుబట్ట మచ్చలు తేలుతది. ఆ మచ్చలు నీ వల్లేనని చెప్పమంటావా?"

భటులు ఇల్లంతా తిరగేసి, కుండలు రెండు పగలగొట్టి వెళ్ళిపోయారు. అరిందముడు ఊపిరి బిగబట్టలేక బుస్సుమని పైకి లేచాడు. లేచినప్పుడు మామిడిపిందెలా పచ్చగా ఉన్నాడు. గాలి తగిలేకొద్దీ, తిమ్మక్క చూస్తూ ఉండగానే, నుదురు నుంచి పాదాల దాకా నిగనిగలాడే నీలంగా మారిపోయాడు.

తిమ్మక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, హఠాత్తుగా ఆగిపోయి, "నాయనా, నీ అదృష్టం!" అన్నది. "ఈ పొద్దు గుళ్ళో సింహాసనం వెనక నిలబడేది ఎవరనుకున్నావు?"

పట్టాభిషేకాలప్పుడు దీపవ్రతుల్లోని నీలమౌనులు అడవుల్లోంచి వస్తారు. ఒళ్ళంతా నీలం పూసుకుని, గోచి మాత్రం కట్టుకుని, చేతిలో ప్రమిదతో నడుస్తారు. నోరు తెరవరు. ఎవరినీ ఏమీ అడగరు, ఎవరికీ ఏమీ చెప్పరు. ప్రపంచంలో ఇంతకన్నా సులువైన మారువేషం ఉండదు!

మధ్యాహ్నం నగారాలు మోగే వేళకు అరిందముడు నీలమౌనుల వరుసలో చివరివాడై మహాదీపాలయం చేరాడు. వాకిట్లో ఇనుపచెప్పులు తొడుక్కున్న ద్వారపాలకుడు నిలబడి, వచ్చిన ప్రతి మౌని కాలివేళ్ళ మీదా ధన్‌మని తొక్కుతున్నాడు. అమ్మా అన్నవాడు దొంగమౌని అన్నమాట. అరిందముడి వంతు వచ్చింది. చెప్పు దిగబడింది. నక్షత్రాలు కనిపించాయి. అతడు మాత్రం చంటిపిల్లవాణ్ణి చూసినట్టు ద్వారపాలకుణ్ణి చూసి చిరునవ్వు నవ్వాడు.

"వెళ్ళు స్వామీ, వెళ్ళు" అన్నాడు వాడు నీరసంగా. "తొక్కీ తొక్కీ నా కాలే వాచిపోయింది."

ఆహా, ఏమని వర్ణించగలం ఆ ఆలయాన్ని! స్తంభాలు చంద్రకాంత శిలలు. వాటిమీద చెక్కిన లతల్లో ప్రతి మొగ్గా ఒక దీపం. నడిమి గోపురం తెల్లని స్ఫటికం. దాని శిఖరాన దీపాల పొగ పోయేందుకు ఉంచిన రంధ్రంలోంచి ఎండ ఒక బంగారు స్తంభంలా దిగి, సరిగ్గా సింహాసనం మీద నిలిచింది. ఇంతటి జనం ఉన్నా వత్తులు చిటపటలాడే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆ సింహాసనం మీద పాలనురుగులాంటి పట్టుచీరలో ప్రభావళి కూర్చుని ఉన్నది. మెడ నిటారుగా ఉంది. కళ్ళు మాత్రం ఎవరో ఒకరు నిజం కనుక్కోకపోతారా అన్నట్టు జనంలో తడుముతున్నాయి.

శంబరాచార్యుడు ఆమె పక్కన నిలబడ్డాడు. పొడుగాటి గడ్డాన్ని ఎడమచేత్తో సర్దుకుంటున్నట్టు నటిస్తూ, అంగీ చేతిలోని శంఖాన్ని పెదవులకు చేర్చాడు.

"ప్రభావళి అనే నేను, నా సింహాసనం మహాదీపపీఠానికి పాదపీఠమని ఒప్పుకుంటున్నాను" అన్నది ప్రభావళి గొంతు.

సభలోని సామంతులు ఉలిక్కిపడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రభావళి పెదవులు కదలలేదని ఎవరూ గమనించలేదు. కళ్ళ కిందినుంచి ముఖానికి ముత్యాల మేలిముసుగు వేసి ఉంచారు మరి! ఆమె లేవబోయింది. మాంత్రికుడి చెయ్యి ఆమె భుజాన్ని అదిమింది.

ఇక రెండో ప్రమాణం మిగిలింది. అది పలికితే గానవ్రతులకు ఈ నేలమీద చోటుండదు. అరిందముడు తన ప్రమిదను వంచాడు. నూనె నున్నని చలువరాతి మీద జారి, సన్నని పాములా పాకి, శంబరాచార్యుడి పావుకోళ్ళ కిందికి చేరింది.

ఆచార్యుడు గంభీరంగా ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు ఎటు పోవాలో దానికే తెలియలేదు. రెండు కాళ్ళూ రెండు దిక్కులకు వెళ్ళాయి, పావుకోడు ఒకటి ఎగిరి సేనాధిపతి తలపాగా మీద వాలింది, మహామౌని అందరికీ వినపడేలా "చచ్చాన్రోయ్!" అన్నాడు. నల్లశంఖం దొర్లుకుంటూ సింహాసనం వెనుక వేలాడే పట్టుతెర కిందికి పోయింది. దాని వెంటే అరిందముడూ పోయాడు.

తెర వెనుక చీకటిలో శంఖం దొరికింది. శంఖమన్నాక ఊదితే లోపలున్నది బయటికి రావాలి కదా! అతడు దాన్ని నోటికి ఆనించి, ఊదడానికి ముందు గుండెలనిండా ఊపిరి పీల్చాడు. అక్కడే పొరపాటు జరిగింది. చల్లని తేనెచుక్కలాంటిదేదో గొంతులోకి జారింది. లోపల్నుంచి వెచ్చనిదేదో శంఖంలోకి వెళ్ళిపోయింది.

"అయ్యో!" అన్నాడు అరిందముడు. ఆ మాట ప్రభావళి గొంతుతో సభంతా మోగింది.

"పడ్డ ఆచార్యుల మీద అమ్మకు ఎంత జాలి!" అని ఒక ముసలి సామంతుడు కళ్ళు ఒత్తుకున్నాడు.

ప్రభావళి మాత్రం తెలివైనది. తన గొంతు ఇప్పుడు సింహాసనం వెనుక ఉన్నదని వెంటనే గ్రహించింది. కుడిచెయ్యి మెల్లగా వెనక్కి, తెర చాటుకు చాచింది. ఎదురుగా అరచెయ్యి తగిలింది.

ఆ క్షణంలో రాజ్యమంతా ఆ నీలపు మనిషి నాలుక చివర ఉన్నది. పీఠాన్ని పడగొట్టండి అంటే పడగొడతారు. దీపవ్రతులను తరిమికొట్టండి అంటే తరిమికొడతారు. తండ్రి కాళ్ళకున్న గొలుసులు అతడి కళ్ళముందు మెదిలాయి. మాట పెదవిదాకా వచ్చింది. ప్రభావళి వేలు అతడి అరచేతిలో కదలకుండా నిలిచిపోయింది. అతడు ఏమి అనగలడో ఆమెకూ తెలుసు. అరిందముడు ఆ మాటను మింగేసి, అరచేతిని ఇంకాస్త విప్పి పట్టాడు.

అప్పుడు ఆమె వేలు కదిలింది. అక్షరం తరువాత అక్షరం రాసింది. రాసింది రాసినట్టే అతడు పలికాడు.

"సభాసదులారా! ఇంతకుముందు వినిపించిన ప్రమాణం నాది కాదు. నా ప్రమాణం ఇది. మౌనంగా మొక్కేవాళ్ళు మౌనంగా మొక్కండి. పాడేవాళ్ళు పాడండి. దేవుడి ముందు ఎవరు ఎలా నిలబడాలో చెప్పే పని రాజుది కాదు. రాజు తలమీద ఏముండాలో చెప్పే పని పీఠానిదీ కాదు."

ప్రభావళి మేలిముసుగు తీసేసి లేచింది. పళ్ళెంలోని కిరీటాన్ని రెండు చేతులా ఎత్తి, తన తలమీద తానే పెట్టుకుంది.

ఎవరో చప్పట్లు కొట్టారు. నవ్వులు, కేకలు, జయజయధ్వానాలు! ఆ మౌనాలయంలో అంత గోల పుట్టడం అదే మొదలు.

నేలమీద పడి ఉన్న శంబరాచార్యుడికి తెర అంచు కింద నీలపు పాదం ఒకటి కనిపించింది. పాకి వెళ్ళి తెర లాగేశాడు. శంఖాన్ని లాక్కుని చెవిదగ్గర పెట్టుకున్నాడు. లోపల ఏదో మగగొంతు బుసబుసలాడుతోంది. అతడి ముఖం వికసించింది.

"ఓహో! రాణి గొంతు పోతే పోనీ, రాగగిరి కొడుకు గొంతు చిక్కింది!" అని, ప్రభావళికేసి తిరిగి, శంఖాన్ని పెదవులకు ఆనించి అరిందముడి గొంతుతోనే అన్నాడు: "ఈ గొంతు చెబితే గానవ్రతులు ఈ రాత్రికే నీ నగరం మీద పడతారు. వాళ్ళు పడితే, కాపాడమని నువ్వు నా కాళ్ళ దగ్గరికే వస్తావు!"

మరుక్షణం ఆ కావి అంగీ గాలికి ఉబ్బింది. దానిలోంచి ఒక పెద్ద నల్లడేగ శంఖాన్ని గోళ్ళతో పట్టుకుని లేచి, శిఖరపు రంధ్రంలోంచి దూసుకుపోయింది.

అరిందముడు గుర్రంకోసం పరుగెత్తాడు. అంతకంటే ముందే ప్రభావళి ఒక గుర్రం ఎక్కి కూర్చుని ఉన్నది.

"మహారాణీ! పట్టాభిషేకం జరిగి ఇంకా గడియ కాలేదు. మీరు పోవడమేమిటి?" అని వృద్ధమంత్రి కళ్ళేనికి అడ్డుపడ్డాడు.

ఆమె అరిందముడి చెయ్యి పట్టుకుని చకచకా రాసింది. ఆ నిలువెత్తు నీలపు మగవాడు మృదుమధురమైన స్వరంతో, "మంత్రిగారూ, నా గొంతు ఎక్కడికి పోతే నేనూ అక్కడికే పోవాలి కదా! తిరిగి వచ్చేదాకా మీరే చూసుకోండి. చెరలో ఉన్న గానవ్రతులందరినీ వెంటనే విడిచిపెట్టండి" అన్నాడు. మంత్రి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్ళెం వదిలి పక్కకు తప్పుకున్నాడు.

గుర్రాలు గాలిలో తేలిపోయాయి. పొలాలు, తోటలు, ఏటి రేవులు వెనక్కి పరుగులు తీశాయి. పైన డేగ ఒకచోట తన రెక్క విదిలించింది. రాలిన ఈకలు కొండకనుమలో నేల తాకగానే, కళ్ళులేని తోడేళ్ళుగా లేచాయి. చూపు లేకపోయినా చెవులు చేటలంత ఉన్నాయి. ఆకు రాలితే అటు దూకుతున్నాయి.

అరిందముడు అలవాటుగా "జాగ్రత్త!" అని అరవబోయాడు. ప్రభావళి అతడి నోరు మూసింది. గుర్రం దిగి, తన పట్టాభిషేకపు ఉత్తరీయాన్ని చింపి గుర్రాల డెక్కలకు చుట్టింది. తరువాత అతడి గుండెమీద చెయ్యి వేసి, ఊపిరి ఎలా నెమ్మదించాలో తాను పీల్చి చూపించింది. చిన్నప్పటి నుంచీ దీపం ముందు గంటలతరబడి కూర్చున్న మనిషి ఆమె. ఇద్దరూ తోడేళ్ళ మధ్యనుంచి, వాటి మీసాలు తగిలేంత దగ్గరగా, నీడల్లా నడిచి బయటపడ్డారు.

"మీ మౌనం కూడా పనికొచ్చేదే, దేవీ" అన్నాడు కనుమ దాటాక. ప్రభావళి నవ్వింది. చప్పుడు లేని నవ్వు.

పొద్దు కుంకుతుండగా రాగగిరి కనిపించింది. కొండచరియకు అతుక్కున్న తేనెపట్టులా ఉన్నది ఆ దుర్గం. బురుజుల మీద కాగడాలు పరుగెడుతున్నాయి. అప్పటికే లోపల భేరి మోగుతోంది. కోటలో ఎత్తైన బురుజు మీదినుంచి ఒక గొంతు గర్జిస్తోంది.

"వీరులారా! నన్ను కిటికీలోంచి తోసి చంపబోయారు! ఆయుధాలు పట్టండి! దీప్తినగరంలో ఒక్క దీపం మిగలకూడదు!"

అది అరిందముడి గొంతే. చెట్టంత నీలపు మనిషి గుర్రం దిగి పరుగెత్తాడు.

"తలుపు తీయండి! వాడు నేను కాదు! నేనే నేను!" అని కోటవాకిట నిలబడి అరిచాడు.

తలుపులోని చిన్న గవాక్షం తెరుచుకుంది. నాగసాని అత్త తొంగిచూసింది. ఆమె అరిందముడికి మేనత్త. చూపు ఆనక చాలాకాలమైంది. చెవులు మాత్రం కత్తులు. రాగగిరిలోకి వచ్చే ప్రతివాడూ ఆమె ముందు కొండపాట పాడాలి. గొంతు గుర్తుపట్టి ఆమె గడియ తీస్తుంది. వేషాలకు ఆ వాకిట్లో విలువ లేదు.

"ఎవరమ్మా నువ్వు? పట్నపు పిల్లలా ఉన్నావు. పొరపాటున వచ్చావేమో, పో తల్లీ. మావాళ్ళు యుద్ధానికి పోతున్నారు."

"అత్తా, నేను అరిందముణ్ణి!"

"అవును తల్లీ, నేను ఐరావతాన్ని."

అతడు ఇక వాదించలేదు. పాట ఎత్తుకున్నాడు.

"కొండమీద మబ్బు దిగె, కోనలోన నీరు పొంగె,
మా ఇంట పొయ్యి వెలిగె, మా నోట నువ్వు పలికె..."

పాపం, ఆ గొంతు పుట్టి బుద్ధెరిగి ఒక్క పాట పాడి ఎరగదు. మెట్లు చూడకుండా దిగుతున్న పిల్లిపిల్లలా ఒక్కో స్వరం దగ్గరా తడబడింది. ప్రభావళి తన గొంతు అలా పలుకుతుంటే మొదట సిగ్గుపడింది. తరువాత ఆశ్చర్యంగా విన్నది. ఆ తరువాత ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాగసాని అత్త గవాక్షానికి చెవి ఆనించింది. "పొయ్యి వెలిగె దగ్గర మళ్ళీ పాడు."

పాడాడు. అక్కడ స్వరం కిందికి దిగాలి. అది పైకి ఎక్కింది.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అన్నది ముసలామె. "పదేళ్ళప్పటి నుంచీ చెబుతున్నాను, అక్కడ దిగరా అని! ఈ కొండమీద అక్కడ తప్పేవాడు వీడొక్కడే!"

గడియ తీసింది. ఇద్దరూ లోపల అడుగుపెట్టారు. అరిందముడు జరిగినదంతా గబగబా చెప్పాడు. అంతలో బురుజు మీది గొంతు, "నాగసానీ! తలుపు మూయించు! వాళ్ళు మాయలమారులు, నరికేయండి!" అని కేక పెట్టింది. వాకిలి దగ్గరున్న యోధులు కత్తులు దూసి అటు చూశారు, ఇటు చూశారు. పైన వినిపిస్తున్నది తమ నాయకుడి గొంతు. ఎదురుగా ఉన్నదేమో ఆడగొంతుతో మాట్లాడే నీలపు మనిషి, కిరీటం పెట్టుకున్న మూగపిల్ల.

"కత్తులు దించండి!" అన్నది నాగసాని అత్త. ఆమె బురుజుకేసి తల ఎత్తింది. "నాయనా అరిందమా! నువ్వు డేగమీద వచ్చి నేరుగా బురుజు ఎక్కావట. వాకిట పాడలేదు. మన ఆచారం తెలుసు కదా. ఒక్కసారి కొండపాట పాడు నాయనా. నువ్వు పాడితే వీళ్ళిద్దరినీ నేనే నరుకుతాను."

భేరి ఆగిపోయింది. యోధులందరూ బురుజుకేసి తలలెత్తారు. ఎవరో కింద నుంచి, "పాడండి ప్రభూ!" అన్నారు. ఇంకొందరు అందుకున్నారు. "పాడండి! పాడండి!"

బురుజు పిట్టగోడ వెనుక ఒక గడ్డం నీడ అటూ ఇటూ కదిలింది. ఒకసారి దగ్గు వినిపించింది. పాడినందుకు ఎందరి ఇళ్ళో కూల్చిన శంబరాచార్యుడు, నల్లశంఖాన్ని పెదవులకు ఆనించుకుని, జీవితంలో మొట్టమొదటిసారి పాట ఎత్తుకున్నాడు. మొదటి పాదం దాటకముందే నాగసాని అత్త తల అడ్డంగా ఊపింది, కత్తులన్నీ బురుజుకేసి తిరిగాయి.